లండన్‌లో రెండు రోజులు... అమరావతి రాళ్ల దగ్గర ఒక గంట

"మా పిల్లాడు లండన్‌లో చదువుతున్నాడు" అని మా అమ్మ ఊరంతా చెప్పింది. నిజానికి నేను చదివేది లెస్టర్‌లో. అక్కడి నుంచి లండన్‌కు దాదాపు వంద మైళ్లు. రైల్లో గంటా పది నిమిషాలు. అయినా మా వైపు బ్రిటన్ అంటే లండనే. కిరాణా కొట్టు బాబాయి దగ్గర నుంచి హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారి దాకా ఫోన్లో అడిగే మొదటి ప్రశ్న ఒకటే... "లండన్ ఎలా ఉందిరా?" నేనొచ్చి ఐదు నెలలు దాటింది. నాకు తెలిసిన లండన్ అల్లా హీత్రూ విమానాశ్రయం, అక్కడి నుంచి చీకట్లో లెస్టర్‌కు తీసుకొచ్చిన బస్సు కిటికీ. అంతే.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. మా ఇంట్లో ఉంటున్న ఐదుగురు తెలుగు కుర్రాళ్లలో నలుగురిదీ ఇదే పరిస్థితి. సోమవారం నుంచి గురువారం దాకా క్లాసులు, అసైన్‌మెంట్లు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లం క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. ఆ 20 గంటలనూ శుక్ర, శని, ఆదివారాల్లో సర్దుకుంటాం. నాది ఊరి బయట ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దే పని. మిగిలిన సమయమంతా వంటకీ, బట్టలకీ, నిద్రకీ సరిపోతుంది. మా నాన్న ఎకరంన్నర పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపించారు. అలా వచ్చినవాడికి చేతిలో ఉన్న ప్రతి పౌండునూ రూపాయల్లోకి మార్చి చూసుకోవడం అలవాటవుతుంది. ఆ లెక్కలో లండన్ ఎప్పుడూ ఇమడలేదు.

మార్చి మొదటి వారంలో మా వేర్‌హౌస్‌లో రెండు రోజులు షిఫ్టులు లేవన్నారు. అప్పటికి అసైన్‌మెంట్ ఒకటి ఇచ్చేసి ఉన్నాను. మా పక్క ఊరి అన్న ఒకాయన లండన్ తూర్పు వైపు ఈస్ట్‌హామ్‌లో కుటుంబంతో ఉంటున్నాడు. "శనివారం రాత్రి మా ఇంట్లో పడుకో, హాల్లో సోఫా ఖాళీ" అన్నాడు. రైల్వే వెబ్‌సైట్‌లో మూడు వారాల ముందే చూసిపెట్టుకున్న టికెట్టు ధర ఇంకా పెరగలేదు. కొనేశాను.

రైలు దిగగానే ఎర్ర ఇటుకల కోట

లెస్టర్ రైలు దిగేది సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో. 1868లో తెరిచిన స్టేషన్ ఇది. ముందు భాగంలో ఎర్ర ఇటుకలతో, గోపురాలతో ఉండే హోటల్ భవనాన్ని చూస్తే ఏ రాజుగారి కోటో అనుకుంటాం. 1960ల్లో దీన్ని కూల్చేయాలనుకున్నారు. జాన్ బెట్జమన్ అనే కవి, ఆయనతో పాటు మరికొందరు అడ్డుపడి ఆపించారు. ఇప్పుడు పారిస్ వెళ్లే రైళ్లు బయల్దేరేది ఇక్కడి నుంచే. పై అంతస్తులో ఆ కవి విగ్రహం ఉంది. టోపీ పట్టుకుని, తల ఎత్తి స్టేషన్ కప్పు వైపు చూస్తుంటాడు. నేనూ ఆయన పక్కన నిలబడి అలాగే చూశాను. ఉదయం తొమ్మిదిన్నర. భుజాన బ్యాగు, అందులో రాత్రి కలిపి పెట్టుకున్న పులిహోర, నీళ్ల సీసా, ఫోను ఛార్జరు.

ఏయే చోట్లు చూడాలో నేను ముందే కాగితం మీద రాసుకున్నాను. షరతు ఒకటే, టికెట్టు అక్కర్లేని చోట్లకే వెళ్లాలి. ఇలా అనుకున్నాక జాబితా చిన్నదవుతుందని భయపడ్డాను. తీరా చూస్తే రెండు రోజులు చాలనంత పెద్దదైంది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం లాంటి పెద్దవన్నీ ఉచితమే. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే డబ్బులు తీసుకుంటారు.

ఇదే దారిలో ఇంకో విద్యార్థి

స్టేషన్ నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నడిచే వెళ్లొచ్చు. తిన్నగా నడిస్తే అరగంట. నేను చుట్టూ తిరిగి వెళ్లాను. యూస్టన్ రోడ్డు మీద బ్రిటిష్ లైబ్రరీ దాటి ఎడమ వైపు మలుపు తిరిగితే కాసేపటికి టావిస్టాక్ స్క్వేర్ అనే చిన్న పార్కు వస్తుంది. దాని మధ్యలో పద్మాసనం వేసుకుని కూర్చున్న గాంధీజీ విగ్రహం ఉంది. 1968లో పెట్టారు. నేను వెళ్లేసరికి పీఠం దగ్గర ఎవరో పెట్టిన పూలు కొద్దిగా వాడిపోయి ఉన్నాయి.

గాంధీజీ 1888లో, పందొమ్మిదో ఏట లండన్‌కు లా చదవడానికి వచ్చారు. ఖర్చు పెట్టిన ప్రతి చిల్లర పైసాకూ లెక్క రాసుకునేవాణ్నని, బండి చార్జీలు మిగుల్చుకోవడానికి రోజూ ఎనిమిది, పది మైళ్లు నడిచేవాణ్నని ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. ఆ అధ్యాయం ఇంటర్‌లో ఉన్నప్పుడు చదివాను. అప్పుడు అది పెద్దల పొదుపు పాఠంలా అనిపించింది. ఇప్పుడు ఆ విగ్రహం ముందు బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తే వేరుగా తోచింది. మనలాగే ఇంట్లోవాళ్ల డబ్బుతో, వంటకూ వాతావరణానికీ అలవాటు పడలేక, నెల ఖర్చు తలుచుకుని దిగులుపడిన కుర్రాడే కదా ఆయన! చార్జీలకు లేక నడిచారు. ఆ నడకతోనే ఈ నగరాన్ని తెలుసుకున్నారు.

అక్కడి నుంచి రెండు వీధులు దాటితే గోవర్ స్ట్రీట్. యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఉన్నది అక్కడే. తెలుగువాళ్లు ఆ గేటు ముందు ఒక నిమిషం ఆగాలి. కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరం కోర్టుల్లో ఉద్యోగాలు చేసి, మూలనపడిన తాళపత్రాలను పోగేయించి, శుద్ధ ప్రతులు రాయించి, వేమన పద్యాలను అచ్చు వేయించి, 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఉద్యోగం ముగిసి లండన్ తిరిగొచ్చాక ఈ కాలేజీలోనే తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. 1865లో ఆ పదవి తీసుకున్నారు. అంటే నూటయాభై ఏళ్ల కిందటే ఈ వీధిలో తెలుగు పాఠం చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడన్నమాట. గేటు లోపల తెల్ల స్తంభాల భవనం మెట్ల మీద విద్యార్థులు కాఫీ కప్పులతో కూర్చుని ఉన్నారు. అందులో ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటున్నారు, ఇంటి అద్దె గురించి!

33ఏ గది

బ్రిటిష్ మ్యూజియానికి ఉచిత టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంచిది. లైను త్వరగా కదులుతుంది. బ్యాగు తెరిచి చూసి పంపిస్తారు. లోపలికి అడుగుపెడితే మధ్యలో అద్దాల కప్పు వేసిన పెద్ద ప్రాంగణం. జనం ఎక్కువమంది తిన్నగా రోజెట్టా రాయి దగ్గరికో, ఈజిప్టు మమ్మీల దగ్గరికో వెళ్తారు. నేనూ రోజెట్టా రాయి చూశాను. ఒకే ఆజ్ఞను మూడు లిపుల్లో చెక్కిన రాయి అది. చుట్టూ నాలుగు వరసల జనం, పైకి లేచిన ఫోన్లు. వాటి సందుల్లోంచి చూడటమే అయింది.

నేను వెళ్లాలనుకున్నది 33వ నంబరు గదికి. చైనా, దక్షిణాసియా వస్తువులు పెట్టిన పొడవైన హాలు అది. ఆ హాలు చివర అద్దాల గోడ వెనక ఇంకో గది ఉంది. దాని నంబరు 33ఏ. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. చల్లగా ఉంది. నలుగురైదుగురు తప్ప మనుషులు లేరు. గోడల నిండా లేత బూడిద రంగు రాళ్లు. మా అమరావతి స్తూపం రాళ్లు.

మాది పెదకూరపాడు దగ్గర ఒక పల్లె. ఇప్పుడు పల్నాడు జిల్లా. నేను చదువుకున్నప్పుడు గుంటూరు జిల్లా. అమరావతికి మా ఊరి నుంచి బస్సులో గంట లోపే. కార్తీక మాసంలో కృష్ణలో మునిగి అమరేశ్వరుడి దర్శనం చేసుకోవడం మా ఇంట్లో తప్పనిసరి. ఎనిమిదో తరగతిలో స్కూలు వాళ్లు స్తూపం దగ్గరికీ తీసుకెళ్లారు. గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన పలకలు. "ఇదేనా సార్ మహాచైత్యం?" అని అడిగితే "రాళ్లన్నీ మద్రాసుకీ లండన్‌కీ పోయాయిరా" అన్నారు మా సోషల్ మాస్టారు. పోవడం అంటే ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

ఆ కథ ఇలా సాగింది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్న రోజుల్లో ఆ దిబ్బలోంచి చెక్కడపు రాళ్లు బయటపడ్డాయి. కట్టడాలకు పనికొస్తాయని కొన్నిటిని వాడేశారు. 1797లో కాలిన్ మెకంజీ ఆ సంగతి విని చూడ్డానికి వచ్చాడు. తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్లను మద్రాసుకు పంపాడు. 1859లో అక్కడి నుంచి ఓడెక్కించి లండన్ తెచ్చారు. 1880లో ఇవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉండిపోయాయి. మిగిలినవి అమరావతిలోనే చిన్న మ్యూజియంలో ఉన్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక పలక. అందులో స్తూపమే చెక్కి ఉంది. కింద సింహాలు కూర్చున్న ద్వారం, చుట్టూ కంచె, పైన అండం, దాని మీద పూలదండలు, ఆకాశంలో ఎగిరే దేవతలు. అంటే మా ఊరి పక్కన ఉన్న ఆ గడ్డి దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పే ఫొటో లాంటిదన్నమాట. ఇది క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటి పని. అదే రాయి వెనక వైపు ఇంకా పాతది, క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దానిది. అక్కడ బుద్ధుడి రూపం ఉండదు. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, దణ్ణం పెట్టే జనం. మనిషిని చెక్కకుండా మనిషిని చూపించారు. ఇంకో రాయి మీద పాదముద్రలు, వాటి మధ్యలో చక్రం. కంచె స్తంభాల మీద విచ్చుకున్న తామరలు. ఆ స్తూపానికి దానాలిచ్చినవాళ్లలో వర్తకులు, గృహిణులు, భిక్షువులు ఉన్నారు. తోలు పని చేసే ఒక మనిషి పేరు కూడా శాసనాల్లో ఉంది. తెలుగులో దొరికిన తొలి మాటగా మనం చదువుకున్న 'నాగబు'ను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించింది కూడా అమరావతి రాతి మీదే.

నేను ఆ పలక ముందు అలాగే ఉండిపోవడం చూసి, అరవై దాటిన ఒక ఇంగ్లిషు దంపతులు పక్కకొచ్చి నిలబడ్డారు. "ఈ అమరావతి అనేది ఇండియాలో ఎక్కడ?" అని ఆవిడ తన భర్తను అడిగింది. ఆయనకు తెలియలేదు. నేను చెప్పాను. కృష్ణా నది ఒడ్డున అని, మా ఊరి నుంచి బస్సులో గంట లోపే అని, ఇప్పుడక్కడ స్తూపం చోటులో ఏం మిగిలిందో, పక్కనే ఉన్న శివాలయానికి ఏ నెలలో జనం వస్తారో. వాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఫోన్లో మా స్కూలు రోజుల ఫొటో ఒకటి ఉంటే తీసి చూపించాను. దిబ్బ ముందు వరసగా నిలబడిన నలభై మంది తెల్ల చొక్కా పిల్లలు. ఆవిడ ఆ ఫొటోనూ రాతినీ మార్చి మార్చి చూసింది.

వాళ్లు వెళ్లాక ఒక సంగతి తట్టింది. ఈ దేశానికి వచ్చిన రోజు నుంచీ నేను అడిగేవాణ్నే. బస్సు ఎక్కడ ఎక్కాలి, ఫారం ఎలా నింపాలి, ఈ మాటకు అర్థమేంటి, ఇక్కడ ఉమ్మడి వంటగదిలో పద్ధతి ఏంటి... అన్నీ అడగడమే. ఎదుటివాళ్లు ఓపికగా చెబుతారు. కానీ అడిగి అడిగి మనిషి కాస్త ముడుచుకుపోతాడు. ఐదు నెలల్లో మొదటిసారి ఎవరో నన్ను అడిగారు, నేను చెప్పాను. అది కూడా లండన్ నడిబొడ్డున.

రాళ్లు ఇక్కడ ఉండటం గురించి నా మనసు ఒక కొలిక్కి రాలేదు. దిబ్బలోనే ఉండిపోయి ఉంటే ఎన్ని మిగిలేవో అన్న ఆలోచన ఒక పక్క. మా స్కూల్లో చదివిన నలభై మందిలో ఇవి చూడగలిగింది నేనొక్కణ్నే కదా అన్న బాధ ఇంకో పక్క. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం ఇక్కడి వస్తువులను బయటికి ఇచ్చేయడం దాదాపు కుదరదు. అలాంటప్పుడు కనీసం ఇక్కడున్న తెలుగువాళ్లమైనా వెళ్లి చూడాలనిపించింది.

1.75 పౌండ్ల బస్సు ప్రయాణం

పక్కనే ఉన్న రస్సెల్ స్క్వేర్‌లో పులిహోర తిని మళ్లీ నడక మొదలుపెట్టాను. ట్రఫాల్గర్ స్క్వేర్, నేషనల్ గ్యాలరీలో వాన్ గో పొద్దుతిరుగుడు పూలు, వైట్‌హాల్ మీదుగా పార్లమెంటు. వెస్ట్‌మినిస్టర్ వంతెన మీదికి వెళ్లేసరికి పొద్దు గూట్లో పడుతోంది. ఆరు కొట్టింది బిగ్ బెన్. ఆ పేరు గోపురానిది కాదు, లోపలి గంటది. గోపురం ఎత్తు 96 మీటర్లు. సినిమాల్లో వంద సార్లు చూసిందే అయినా ఆ గంట కొట్టినప్పుడు కాళ్ల కింద వంతెన వణికినట్టు అనిపించింది.

ఈస్ట్‌హామ్‌కు మెట్రోలో త్వరగా వెళ్లొచ్చు. నేను మాత్రం ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15 నంబరు ఎర్ర బస్సెక్కి, పై అంతస్తులో ముందు సీటు పట్టుకున్నాను. స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ చర్చి గుండ్రటి గోపురం, టవర్ ఆఫ్ లండన్... దీపాల వెలుగులో ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. వేరే టూరిస్టు బస్సు అక్కర్లేదు. ఆల్డ్‌గేట్‌లో దిగి 115 ఎక్కితే అది ఈస్ట్‌హామ్‌కు తీసుకెళ్తుంది. నేను వెళ్లినప్పుడు బస్సు చార్జీ 1.75 పౌండ్లు. మొదటి బస్సెక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు తీసుకోరు. అదే కార్డుతో ట్యాప్ చేయాలి, అంతే. లండన్ బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోవడం 2014లోనే మానేశారు.

"మీ ఊరు మ్యూజియంలో ఉందా?"

ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో దిగితే వేరే లోకం. దోసెల హోటళ్లు, శ్రీలంక తమిళుల కూరగాయల కొట్లు, బయటే పేర్చిన మునక్కాయలు, అరటి ఆకులు, నగల షాపులు. చేతులూపుకుంటూ వెళ్లలేక అర కిలో మైసూర్‌పాక్ కొన్నాను.

వదిన గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వడియాలు చేసి పెట్టింది. "సన్నబడ్డావ్ నాయనా" అంటూ మూడోసారి అన్నం వడ్డించింది. తింటూ మ్యూజియం సంగతి చెప్పాను. అన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"పదకొండేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాం రా. మనూళ్ల నుంచి ఎవరొచ్చినా ఆ మ్యూజియానికి తీసుకెళ్తాం. మమ్మీలు చూపించి తీసుకొచ్చేస్తాం. ఆ గది ఉందని కూడా తెలీదు."

వాళ్లమ్మాయికి ఎనిమిదేళ్లు. లండన్‌లో పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు కాస్త తడబడుతుంది. ఎండాకాలం సెలవుల్లో ఊరికి వెళ్లొస్తే అక్కడి జ్ఞాపకాలు ఎండ, దోమలు, అమ్మమ్మ ఇచ్చే తాటి ముంజెలు. ఆ పిల్ల నా ఫోన్లో రాళ్ల ఫొటోలన్నీ ఒక్కొక్కటే జరిపి చూసి, "మీ ఊరు మ్యూజియంలో ఉందా?" అని అడిగింది. "మీ నాన్న ఊరు కూడా" అన్నాను. వాళ్ల నాన్న వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు చూసింది. అన్న తలూపాడు. ఆ రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ వచ్చి ఏనుగు బొమ్మలున్నాయా అని అడిగి వెళ్లింది.

నది కింద నడక, కొండ మీద గీత

ఆదివారం పొద్దున్నే ఆ పాపే బయల్దేరదీసింది. అందరం కలిసి గ్రీనిచ్ వెళ్దామని అన్న అన్నాడు. వెస్ట్‌హామ్‌లో, కెనరీ వార్ఫ్‌లో మారి, డ్రైవరు కనపడని డీఎల్ఆర్ రైలెక్కాం. ముందు సీట్లో కూర్చుని పాప రైలు నడిపినట్టు అభినయించింది. ఐలండ్ గార్డెన్స్‌లో దిగి థేమ్స్ నది కిందనున్న సొరంగంలో నడిచి అవతలి ఒడ్డుకు చేరాం. 1902లో రేవు కూలీలు పనికి వెళ్లి రావడానికి కట్టిన దారి ఇది. 370 మీటర్లు. గోడలకు తెల్ల పలకలు. పాప కేక పెడితే సొరంగం తిరిగి కేక పెట్టింది. దీనికీ టికెట్టు లేదు.

గ్రీనిచ్ పార్కులో కొండెక్కితే పైన 1675లో కట్టడం మొదలుపెట్టిన అబ్జర్వేటరీ. సున్నా డిగ్రీల రేఖాంశం పోయేది దీని మీదుగానే. 1884లో పలు దేశాలు కూర్చుని అలా నిర్ణయించాయి. లోపలి ప్రాంగణంలో గీత మీద నిలబడి ఫొటో దిగాలంటే టికెట్టు కొనాలి. బయట కాలిబాట పక్కన గోడ మీద కూడా అదే గీత ఉంది. దానికి డబ్బుల్లేవు. పాప అటో కాలు ఇటో కాలు వేసి, "ఇప్పుడు నేను ఈస్ట్‌లోనూ ఉన్నా, వెస్ట్‌లోనూ ఉన్నా" అంది. వాళ్ల స్కూల్లో చెప్పారట.

అబ్జర్వేటరీ పైన ఒక ఎర్ర బంతి ఉంటుంది. 1833 నుంచీ రోజూ మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు అది కిందికి జారుతుంది. నదిలోని ఓడలవాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లు. బంతి జారగానే ఇంటికి వీడియో కాల్ చేశాను. మన సమయానికి మూలమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర నుంచి పోతుంది. అందుకే ఇక్కడ ఒంటిగంటైతే అక్కడ ఆరున్నర. నాన్న అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. నది, పడవలు, కెనరీ వార్ఫ్ అద్దాల మేడలు చూపించాను. రాళ్ల సంగతి చెప్పాను. "వాటిని మనకు ఇచ్చెయ్యరంటరా?" అంది అమ్మ.

నాన్న మాత్రం ముందు ఖర్చు అడిగారు. నేను ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పర్లేదులేరా. గుంటూరు యార్డుకి మిర్చి తోలినప్పుడల్లా నేనూ ఒక సినిమా చూసే వచ్చేవాణ్ని. మీ అమ్మకు తెలీదు" అన్నారు. వెనక నుంచి అమ్మ "తెలుసు" అంది. కొండ మీద నిలబడి నవ్వాను. ఐదు నెలలుగా మా ఫోన్లలో ఫీజులు, అద్దె, వాయిదాలు తప్ప ఇంకో మాట రాలేదు. ఆ రోజు ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం.

ఖర్చు లెక్క

నాన్నకు చెప్పిన లెక్కే మీకూ చెబుతున్నాను. రైలు రానూ పోనూ 27 పౌండ్లు. బస్సులు, మెట్రో రెండు రోజులకు కలిపి ఏడున్నర. తిండి, టీలకు 18. మిఠాయి 6. మొత్తం 58.50 పౌండ్లు. ఏడు వేల రూపాయలకు అటూ ఇటూ. నాకది ఐదు గంటల షిఫ్టు కూలి.

కొత్తగా వచ్చిన విద్యార్థులకు పనికొచ్చే మాటలు నాలుగు. 16-25 రైల్‌కార్డు తీసుకుంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. వయసు 26 దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే ఇస్తారు. టికెట్టు కొన్ని వారాల ముందే చూసుకోండి. మెట్రోలో, బస్సులో ఒకే కార్డు వాడితే రోజుకు ఒక పరిమితి దాటాక చార్జీ పడదు. రెండు కార్డులు మార్చి వాడితే ఆ లాభం పోతుంది. పగలు క్లాసులో, పనిలో ఉండేవాళ్లు శుక్రవారం సాయంత్రం వెళ్లొచ్చు. ఆ ఒక్క రోజు బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ రాత్రి దాకా తెరిచి ఉంటాయి.

అక్కడే స్థిరపడిన కుటుంబాలకు ఒక విన్నపం. మీ ఇంట్లో సోఫా ఖాళీగా ఉంటే, దూరపు ఊళ్లలో చదువుకుంటున్న మన పిల్లల్ని నెలకొకర్నైనా రమ్మనండి. లండన్‌లో హోటల్ గది ఖర్చు భరించలేకే చాలామంది బయల్దేరరు. మీ ఒక్క రాత్రి ఆతిథ్యం వాళ్లకు ఒక నగరాన్నే చూపిస్తుంది.

నేను లెస్టర్ వచ్చేసిన తర్వాతి ఆదివారం అన్న వాట్సాప్‌లో ఫొటో పంపాడు. 33ఏ గదిలో స్తూపం పలక ముందు వాళ్లమ్మాయి నిలబడి వేలు పెట్టి చూపిస్తోంది. వెనకాల వదిన. కింద అన్న రాసిన మాట: "ఏనుగులు వెతుకుతోంది. గంటైంది. బయటికి రానంటోంది." బ్రౌన్ సమాధి లండన్‌లోనే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఈస్టర్ సెలవుల్లో అందరం కలిసి అక్కడికి వెళ్లాలని అనుకున్నాం. ఈసారి మా రూమ్‌మేట్లు ముగ్గురు కూడా వస్తున్నారు. రైలు టికెట్లు తీసేశాం.